స్లాబు కింద రాత్రి

మే నెలలో పొద్దుగూకి నాలుగు గంటలు గడిచినా కాలనీ ఇళ్లలో నిద్ర పట్టదు. వాకిట్లో గాలి తిరుగుతుంటుంది, వీధి కాస్త చల్లబడుతుంది, గదిలో మాత్రం ఉక్కపోత. స్టూలెక్కి స్లాబుకు లోపలివైపు అరచెయ్యి ఆనిస్తే వేడి తెలుస్తుంది. ఫ్యాను తిరుగుతున్నకొద్దీ ఆ స్లాబును ఆనుకున్న గాలినే కిందికి తోస్తుంటుంది. చంటిపిల్లలు ఏడుస్తారు. పెద్దవాళ్లు గోనెపట్టా తడిపి కిటికీకి కడతారు. వయసులో ఉన్నవాళ్లు చాప చంకన పెట్టుకుని డాబా ఎక్కుతారు. అక్కడా నేల కాలుతుంటే రెండు బిందెల నీళ్లు కుమ్మరించి, ఆవిరి పోయేదాకా ఆగి నడుం వాలుస్తారు.

ఇళ్లలో కరెంటు పొదుపు అనగానే మనకు మీటరు గుర్తొస్తుంది. నెలకు ఎన్ని యూనిట్లు తగ్గాయి, బిల్లు ఎంత తగ్గింది అని చూస్తాం. ఏసీ ఉన్న ఇంటికి ఆ కొలత సరిపోతుంది. అక్కడ గోడలు బాగుంటే ఏసీ తక్కువసేపు నడుస్తుంది, మీటరు నెమ్మదిగా తిరుగుతుంది. ప్రభుత్వ సాయంతో కట్టిన ఒకటిన్నర గది ఇంట్లో రెండు ఫ్యాన్లు, మూడు నాలుగు బల్బులు, ఒక టీవీ, ఉంటే ఒక చిన్న ఫ్రిజ్. ఎంత చెడ్డ గోడ కట్టినా ఆ ఇంటి బిల్లు పెద్దగా పెరగదు, ఎంత మంచి గోడ కట్టినా పెద్దగా తగ్గదు. గోడ చెడ్డదైతే ఆ నష్టాన్ని మీటరు చూపించదు; లోపలున్నవాళ్ల ఒళ్లు భరిస్తుంది. అందుకే పేదల ఇంటికి ఇంధన సామర్థ్యాన్ని యూనిట్లలో కాకుండా గది ఉష్ణోగ్రతలో కొలవాలని నా వాదన. ఏడాదిలో ఎన్ని గంటలు ఆ గదిలో మనిషి స్థిమితంగా ఉండగలడు? అసలు ప్రశ్న అదే.

ముందు ఎండ సంగతి చూద్దాం. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏటా మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఒకసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు అక్కడ సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలబెట్టిన కర్రకు నీడ పడదు. విజయవాడలో, ఇంకా దక్షిణాన ఉన్న ఊళ్లలో మొదటిది మరికొన్ని రోజుల ముందే వస్తుంది. ఏడాదిలో గాలి బాగా వేడెక్కే రోజులూ, సూర్యుడు నెత్తిన నిలిచే రోజులూ మనకు ఒకేసారి వస్తాయన్నమాట. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. ఆ రోజుల్లో దక్షిణం గోడ మీద ఎండ దాదాపు పడదు. పొద్దున తూర్పు గోడ, సాయంత్రం పడమటి గోడ కాలుతాయి. రోజంతా, అన్నిటికంటే ఎక్కువగా కాలేది పైకప్పు.

చదరపు మీటరు కప్పు మీద మధ్యాహ్నం వేళ వెయ్యి వాట్లకు దగ్గరగా ఎండ పడుతుంది. నాచు పట్టి నల్లబడ్డ స్లాబు అందులో మూడింట రెండు వంతుల దాకా పీల్చుకుంటుంది. పన్నెండు సెంటీమీటర్ల మందం స్లాబు చదరపు మీటరుకు దాదాపు 290 కిలోల బరువుంటుంది. అంత కాంక్రీటు 15 డిగ్రీలు వేడెక్కాలంటే చదరపు మీటరుకు ఒక యూనిట్‌కు కాస్త పైగా శక్తి కావాలి. ముప్ఫై చదరపు మీటర్ల ఇల్లయితే మొత్తం ముప్ఫై యూనిట్ల పైమాటే. ఆ ఇంట్లో ఫ్యాన్లూ బల్బులూ వారం రోజులు కలిసి కాల్చే కరెంటుకంటే అది ఎక్కువ. సాయంత్రం ఎండ పోయాక ఈ వేడి ఎక్కడికి పోతుంది? ఎటు చల్లగా ఉంటే అటు పోతుంది: పైన ఆకాశానికి కొంత, కింద పడుకున్నవాళ్ల మీదికి కొంత. పొయ్యి ఆర్పేశాక కూడా అట్ల పెనం చాలాసేపు కాలుతుందని ప్రతి వంటింట్లోనూ తెలుసు. రాత్రి పది గంటలకు స్లాబు చేసే పని అదే.

ఇక్కడ మనకు పనికొచ్చే విషయం ఒకటుంది. స్లాబు వేడిని దాచుకోవడాన్ని మనం ఆపలేం, కాంక్రీటు స్వభావం అది. దానిలోకి ఎండ దిగకుండా మాత్రం ఆపగలం. అందుకు అన్నిటికంటే చవకైనది తెలుపు. కొత్తగా వేసిన తెల్ల పూత పడిన ఎండలో డెబ్భై శాతం పైగా వెనక్కి పంపేస్తుంది. పైగా తెల్ల పూత కూడా మామూలు కాంక్రీటులాగే తనలోని వేడిని రాత్రి ఆకాశంలోకి బాగా వదులుతుంది. మెరిసే రేకు ఎండను తిప్పికొడుతుంది గానీ ఉన్న వేడిని త్వరగా వదలదు. అందుకే తెల్ల సున్నం వేసిన డాబా మీద మధ్యాహ్నం చెప్పుల్లేకుండా నడవొచ్చు గానీ రేకు మీద చెయ్యి పెట్టలేం.

2017లో హైదరాబాద్ బంజారాహిల్స్ దగ్గరి దేవరకొండ బస్తీలో పాతిక పేద ఇళ్ల కప్పుల మీద తెల్లటి పాలిథిలీన్ పొర పరిచి చూశారు. అలాంటి పొర లేని ఇళ్లతో పోలిస్తే లోపల సగటున రెండు డిగ్రీలు తగ్గింది. రెండు డిగ్రీలేనా అనిపించవచ్చు. ఆ గదిలో అవి రాత్రి నిద్ర పట్టడానికీ పట్టకపోవడానికీ మధ్య ఉన్న రెండు డిగ్రీలు. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ చల్లని కప్పుల విధానాన్ని ప్రకటించింది. 2028కల్లా రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కప్పును చల్లబరచాలని, అందులో 200 హైదరాబాద్ ప్రాంతంలోనే ఉండాలని లక్ష్యం పెట్టుకుంది. ప్రభుత్వం కట్టించే పేదల ఇళ్లకు దాన్ని తప్పనిసరి చేసింది. మన దేశంలో ఒక రాష్ట్రం ఈ విషయంలో ఇంత స్పష్టంగా రాసుకోవడం పెద్ద మాటే.

తెలుపుకు ఒక బలహీనత ఉంది. దుమ్ము. రోడ్డు పక్క కాలనీలో ఏడాది తిరిగేసరికి పూత బూడిద రంగుకు తిరుగుతుంది, తిప్పికొట్టే శక్తి బాగా పడిపోతుంది. ఉగాదికి ముందు ఇంటికి సున్నాలు వేసుకునే అలవాటు మనకు ఉండనే ఉంది. ఆ సున్నం గోడల దగ్గర ఆగకుండా డాబా దాకా వెళితే పూత ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది. ఖర్చు పెట్టగలిగితే స్లాబు పైన కూలింగ్ టైల్స్ గానీ, నురుగు పలకల పొర గానీ వేయడం ఇంకా మేలు. పొర ఎప్పుడూ స్లాబు పైననే ఉండాలి. లోపలివైపు ఫాల్స్ సీలింగ్ కొడితే స్లాబు కాలడం కాలుతూనే ఉంటుంది, మనకు అది కనిపించదంతే.

ఇప్పుడు గోడలకు వద్దాం. ఇక్కడే మన ప్రభుత్వ ఇళ్ల కథ మలుపు తిరిగింది.

గోడ గుండా వేడి ఎంత తేలిగ్గా నడుస్తుందో చెప్పడానికి ఇంజినీర్లు యూ-విలువ అనే అంకె వాడతారు. లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు ఒక చదరపు మీటరు గుండా ఎన్ని వాట్లు దాటుతాయో ఆ అంకె చెబుతుంది. తక్కువ ఉంటే మంచిది. రెండువైపులా సిమెంటు పూసిన తొమ్మిదంగుళాల ఇటుక గోడకు అది సుమారు 2. ఇరవై సెంటీమీటర్ల ఏఏసీ దిమ్మెల గోడకు 0.8 లోపు. పదహారు సెంటీమీటర్ల కాంక్రీటు గోడకు 3.7 దాకా ఉంటుంది. ఎండ తగులుతున్న తొమ్మిది చదరపు మీటర్ల పడమటి గోడ తీసుకోండి. ఎండ తాపం కూడా కలుపుకుని బయటివైపు లోపలికంటే 20 డిగ్రీలు ఎక్కువ ఉందనుకుందాం. ఏఏసీ గోడ గుండా 140 వాట్లు వస్తాయి, ఇటుక గోడ గుండా 360, కాంక్రీటు గోడ గుండా 660. గోడలు వేడెక్కడానికి పట్టే సమయాన్ని వదిలేసి వేసిన మోటు లెక్క ఇది. తేడా ఎంతో తెలియడానికి చాలు.

ఏఏసీ అంటే ఏమీ మాయ లేదు. సిమెంటు, సున్నం, బూడిద కలిపిన ముద్దలో చిటికెడు అల్యూమినియం పొడి వేస్తే వాయువు పుట్టి పిండి పులిసినట్టు పొంగుతుంది. గట్టిపడ్డాక అందులో లెక్కలేనన్ని బుడగలు మిగిలిపోతాయి. కదలని గాలి వేడిని సరిగా మోయలేదు. దిమ్మె నిండా ఉన్నది అదే. మామూలు ఇటుకలో మూడో వంతు బరువే ఉంటుంది. థర్మల్ కేంద్రాల బూడిద గుట్టలుగా పడి ఉన్న రాష్ట్రాల్లో ఈ సరుకుకు కొరత రాకూడదు.

మరి ప్రభుత్వ అపార్టుమెంట్లు కాంక్రీటు గోడలకు ఎందుకు వెళ్లాయి? ఆంధ్రప్రదేశ్‌లో పట్టణ పేదల టిడ్కో ఇళ్లను షియర్ వాల్ పద్ధతిలో కట్టారు. అల్యూమినియం చట్రాలు బిగించి, కమ్మీ కట్టి, గోడలూ స్లాబూ ఒకే ఊపున పోత పోస్తారు. వారాల పని రోజుల్లో అయిపోతుంది. తాపీ పనివాళ్ల కొరత అడ్డు రాదు. తుపాను గాలులకు ఆ గోడ చెక్కు చెదరదు, కోస్తాలో అది చిన్న లాభం కాదు. లక్షల ఇళ్లు త్వరగా అందించాల్సిన అధికారి ఈ పద్ధతిని ఎంచుకోవడంలో తర్కం ఉంది. ఆ తర్కంలో మే నెల రాత్రికి చోటు లేకపోవడమే లోపం. కట్టే తొందర ఏడాదో రెండేళ్లో ఉంటుంది, ఆ గోడలు యాభై ఏళ్లు ఉంటాయి. గోడకు మేకు దిగదని కాపురం చేసేవాళ్లు మొదట ఫిర్యాదు చేస్తారు. వేసవి వచ్చాక రెండో ఫిర్యాదు వస్తుంది.

షియర్ వాల్ వద్దని నేననడం లేదు. పడమటి, తూర్పు గోడలకు బయటివైపు ఒక తేలికపాటి పొర చేర్చాలి, లేదా కనీసం తెల్లటి రంగు వేయాలి, కిటికీలకు లోతైన సజ్జలు ఇవ్వాలి. ఇవి మొదటి నక్షాలోనే ఉంటే మొత్తం ఖర్చులో అవి కలిసిపోతాయి. తర్వాత చేర్చాలంటే ఎవరూ చేర్చరు.

దీనికి అధికారిక కొలబద్ద మన దగ్గర ఇప్పటికే ఉంది. 2018 డిసెంబరు 14న కేంద్రం ఎకో నివాస్ సంహిత పేరుతో నివాస గృహాల ఇంధన పొదుపు నియమావళిని విడుదల చేసింది. గోడలూ కిటికీల గుండా లోపలికి వచ్చే వేడి సగటున చదరపు మీటరుకు 15 వాట్లు దాటకూడదన్నది అందులో ప్రధాన నియమం. కప్పు యూ-విలువ 1.2 మించకూడదు. ఏ పొరా లేని కాంక్రీటు స్లాబు విలువ మూడున్నర దాకా ఉంటుందని గుర్తుంచుకుంటే, మన మామూలు డాబాలు ఆ గీతకు ఎంత దూరంలో ఉన్నాయో అర్థమవుతుంది.

ఆ నియమావళిలో నాకు బాగా నచ్చినది కిటికీల లెక్క. నేల వైశాల్యంలో ఎంత వంతు కిటికీలు తెరుచుకోవాలో వాతావరణాన్ని బట్టి చెప్పారు. ఉక్క ఎక్కువగా ఉండే తీరప్రాంతాలకు ఆరో వంతు, పొడి వేడి ప్రాంతాలకు పదో వంతు. కిటికీ పరిమాణం కాదు, తెరుచుకునే భాగమే లెక్క. ఈ మధ్య ప్రతి అపార్టుమెంటులోనూ కనిపించే పక్కకు జరిపే రెండు అద్దాల కిటికీ సగమే తెరుచుకుంటుంది. పాతకాలపు రెక్కల కిటికీ దాదాపు మొత్తం తెరుచుకుంటుంది. అంటే గోడలో ఒకే కంత, ఒకే డబ్బు, గాలి మాత్రం సగం. దానికి అద్దం అదనపు శిక్ష. ఎండను లోపలికి రానిస్తుంది, వేడిని బయటికి పోనివ్వదు. చెక్క రెక్కకు ఆ జబ్బు లేదు.

ఎంత పెద్ద కిటికీ పెట్టినా రాత్రి మూసేస్తే ఫలితం సున్నా. ఎందుకు మూస్తారు? దోమలు, దొంగల భయం, కింది అంతస్తులో వీధిలో పోయేవాళ్ల చూపు. ఈ మూడు కారణాలకూ ఇంజినీరింగ్ సమాధానాలు చిన్నవే: దోమతెర బిగించిన చట్రం, ఊచలు, చూరు కింద ఎప్పుడూ తెరిచి ఉండే వెంటిలేటరు. మన పెంకుటిళ్లలో ఆ వెంటిలేటరు లేని గది ఉండేది కాదు. స్లాబు ఇళ్లు వచ్చాక అదెందుకో నక్షాల్లోంచి జారిపోయింది. వేడిగాలి పైకి చేరి బయటపడే దారి అది ఒక్కటే.

గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఈ ముక్కలన్నిటినీ ఒకచోట కలిపి చూశారు. భారత్–స్విట్జర్లాండ్ ఉమ్మడి భవన ఇంధన ప్రాజెక్టు నిపుణులు, నగరపాలక సంస్థ ఇంజినీర్లు కలిసి కూర్చుని, ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద కట్టిన స్మార్ట్ ఘర్-3 అనే 1,176 ఇళ్ల సముదాయానికి నక్షా మార్చారు. ఇటుక బదులు ఏఏసీ దిమ్మెలు. కప్పు మీద వేడి తగలని పొర. అద్దం తగ్గించిన రెక్కల కిటికీలు. గొట్టాల కోసం ఎలాగూ వదిలే నిలువు సందునే గాలి బయటికి పోయే దారిగా మలచడం వీటన్నిటిలో తెలివైన పని. ఎదురెదురు కిటికీలు పెట్టడానికి వీల్లేని చిన్న ఇంట్లో, వీధివైపు నుంచి గాలి వచ్చి గది దాటి ఆ సందులోకి పోతుంది, పైన ఫ్యాన్లు దాన్ని లాగుతాయి. వేసవిలో గది గరిష్ఠ ఉష్ణోగ్రత ఐదు డిగ్రీలకు పైగా తగ్గాలని ఈ నక్షాను రూపొందించారు. ఏసీ ఒక్కటి కూడా లేదు.

ఐదు డిగ్రీలు తగ్గితే మనిషికి చాలా? మనిషికి హాయి అంటే ఎప్పుడూ 24 డిగ్రీలే అన్నది ఏసీ గదుల్లో పెరిగిన మాట. అహ్మదాబాద్ సెప్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దేశంలో ఐదు నగరాల ఆఫీసుల్లో పనిచేసేవాళ్లను అడిగి ఒక సూత్రం తయారుచేశారు. గాలి ఆడే భవనాల్లో జనానికి హాయిగా తోచే ఉష్ణోగ్రత, గత నెల రోజుల బయటి సగటును 0.54తో హెచ్చవేసి 12.83 కలిపితే వస్తుంది. మే నెలలో పగలూ రాత్రీ కలిపిన సగటు 34 అనుకుంటే లెక్క దాదాపు 31 తేలుతుంది. అటూ ఇటూ రెండున్నర డిగ్రీల దాకా పదిమందిలో తొమ్మిదిమంది సర్దుకుంటారు. కొలిచింది ఆఫీసుల్లోనే అయినా మనకు దారి చూపడానికి సరిపోతుంది. పేదవాడి గదిని మనం 24కు తేవక్కర్లేదు. 33 దాటనివ్వకుండా చూస్తే చాలు. బయట 42 ఉన్నప్పుడు కూడా మంచి గోడ, తెల్ల కప్పు, రాత్రి తెరుచుకునే కిటికీ కలిసి చేయగల పని అది. 38 డిగ్రీల గదిని ఏ ఫ్యానూ బాగుచేయలేదు. గాలే ఒంటికంటే వేడిగా ఉన్నప్పుడు ఫ్యాను చెమట ఆరడానికి తోడ్పడుతూనే వేడిని కూడా ఒంటిమీదికి తోస్తుంది.

ఫ్యాను విషయంలో మాత్రం మన ప్రభుత్వాలు చురుగ్గానే ఉన్నాయి. పాతకాలపు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తింటే కొత్తరకం బీఎల్‌డీసీ మోటారు ఫ్యాను అదే గాలిని 30 వాట్లకు ఇస్తుంది. రోజుకు 16 గంటలు తిరిగితే నెలకు 36 యూనిట్ల చోట 14 చాలు. ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ కాలనీ ఇళ్లకు నాలుగు ఎల్‌ఈడీ బల్బులు, రెండు ట్యూబ్‌లైట్లు, రెండు ఇలాంటి ఫ్యాన్లు తక్కువ ధరకు అందించేందుకు కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ ఈఈఎస్‌ఎల్‌తో ఒప్పందం చేసుకుంది. తెలంగాణలో 2024 మార్చి నుంచి అర్హులకు నెలకు 200 యూనిట్ల దాకా బిల్లే లేదు. కాబట్టి అక్కడ రెండు పాత ఫ్యాన్లు మారితే మిగిలే నలభై యూనిట్ల ఆదా ఇంటివాళ్లకంటే ముందు సబ్సిడీ కట్టే ఖజానాకు చేరుతుంది. ఫ్యాను ఉచితంగా ఇచ్చినా ప్రభుత్వానికి నష్టం లేదనడానికి ఇంతకంటే లెక్క అక్కర్లేదు.

ఫ్యాన్లూ బల్బులూ లెక్కపెట్టడం తేలిక, పంచడం తేలిక. గోడ మంచిదో కాదో ఫొటోలో కనిపించదు. ప్రభుత్వ పథకాల్లో ఇళ్లు పెద్ద సంఖ్యలో లబ్ధిదారులే కట్టుకుంటారు. ఆఫీసు ఒక నక్షా ఇస్తుంది, మేస్త్రి తనకు అలవాటైనట్టు కడతాడు. పునాదికి ఒక బిల్లు, గోడలకు ఒక బిల్లు, స్లాబుకు ఒక బిల్లు, పూర్తయ్యాక చివరి బిల్లు. ప్రతి దశలోనూ అసిస్టెంట్ ఇంజినీరు వచ్చి ఫొటో తీస్తాడు. అతని ఫారంలో సజ్జ ఎంత పొడుగుందో, పడమటి గోడ దేనితో కట్టారో, వెంటిలేటరు ఉందో లేదో, డాబా తెల్లగా ఉందో లేదో రాసే గడి లేదు. గడి లేని పనిని మేస్త్రి చెయ్యడు, ఇంటాయన అడగడు.

తెలంగాణలో 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్లకు ఐదు లక్షల రూపాయలు విడతలుగా ఇస్తున్నారు. కేంద్రం అదే ఏడాది ఆవాస్ యోజన రెండో విడతలో పట్టణాలకు కోటి ఇళ్లు ప్రకటించింది. ఇప్పటికే కట్టేసిన ఇళ్లకు డాబా తెలుపు చెయ్యడం తప్ప ఎక్కువ చేయలేం. ఇంకా స్లాబు పడని వాటికి అన్నీ చేయగలం. నక్షాలో పడమటివైపు గది పెట్టకుండా స్నానాల గదీ మెట్లూ పెట్టాలి. ఇటుకలను నిలువుగా పేర్చి మధ్యలో ఖాళీ వదిలే ర్యాట్ ట్రాప్ కట్టుబడిని మండలానికి కొందరు మేస్త్రీలకైనా నేర్పించాలి. దానికి పాతిక శాతం దాకా ఇటుక తగ్గుతుంది కాబట్టి ఇంటాయనే దాన్ని అడిగి మరీ కట్టించుకుంటాడు. చివరి బిల్లు చెల్లించే ముందు తీసే ఫొటో ఇంటి ముందు నిలబడి కాకుండా డాబా మీద నిలబడి తీయాలి. ఆ ఫొటోలో కప్పు తెల్లగా ఉంటేనే డబ్బు ఖాతాలో పడాలి.